పోశాలు చెవి

ఆకేరు వాగు పొంగి, మహబూబాబాద్ దిక్కున పట్టాల కింది కంకరంతా కొట్టుకుపోయి, రైలుపట్టాలు గాలిలో వేలాడిన ఏడాది అది. దసరా వెళ్లి నాలుగో రోజు. తొర్రూరులో పోశాలు అప్పటికే షట్టర్ ఎత్తి, బండ్లు బాగుచేసే దుకాణం ముందు ఊడ్చి నీళ్లు చల్లి, రేకుడబ్బాలో పెట్రోలు పోసుకుని ప్లగ్గు కడుగుతున్నాడు.

అరవై ఎనిమిదేళ్ల మనిషి. బక్క ఒళ్లు, మోకాళ్ల దాకా మడిచిన ఖాకీ ప్యాంటు, గోళ్ల అంచుల్లో నలభై ఏళ్ల నలుపు. రఘునాథపల్లిలో మూడో తరగతి సగంలోనే బడి మానేసి సైకిలు దుకాణంలో గాలి కొట్టడానికి కుదిరినవాడు. అక్షరాలు అంతంతమాత్రం. చెవి మాత్రం పదిమందికి చాలినంత ఉండేది. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడంటే లోపల ఏది అరిగిందో చెప్పేసేవాడు. ‘పోశాలు చెవి’ అంటే చుట్టుపక్కల తండాల్లో కూడా ఒక పేరు.

ఆ చెవి పోయి ఏడాదిన్నర. ముందు పిట్టల కూత పోయింది, తర్వాత గోడగడియారం, ఆ తర్వాత మనుషుల మాట. ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో సుశీలకు కూడా. మొదటినుంచీ మాట తక్కువ మనిషి గనుక ఇంకాస్త తగ్గినా తేడా తెలియదులే అనుకున్నాడు. పెదవులు చూసి సగం, అలవాటు కొద్దీ సగం అర్థం చేసుకునేవాడు. స్క్రూడ్రైవర్ మాత్రం మానలేదు. చెవికి పెట్టుకుంటాడు, తలాడిస్తాడు, తర్వాత నెమ్మదిగా చేతులతో వెతుక్కుంటాడు. చెవిటివాడని బయటపడ్డ రోజు ఈ షట్టర్ మూసుకోవలసిందేనని అతని భయం. కాకపోతే, ఈ మధ్య గిరాకీలంతా దగ్గరికొచ్చి, ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా నిదానంగా మాట్లాడుతున్నారు. వయసుకు ఇస్తున్న మర్యాద అనుకున్నాడు.

ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. పెద్దవంగర దిక్కు తండా నుంచి పూల్‌సింగ్, అతని భార్య గోరీ. ఇద్దరూ కలిసి పదిహేనేళ్ల నాటి మోటారుసైకిలును కిందికి దించారు. వరదలో ఒక పగలూ ఒక రాత్రీ బురదలో మునిగిన బండి. ఇప్పుడు మాత్రం నిలువెల్లా ఆకుపచ్చ రంగుతో, హ్యాండిల్‌కు వాడిన బంతిపూల దండతో పెళ్లికొడుకులా ఉంది.

“సెల్ఫు కొడ్తలేదు బాపూ,” గోరీ ఎదురుగా వచ్చి చెప్పింది. “ఈయనకు మోకాలు చిప్ప పలిగె, కిక్కు కొట్టరాదాయె. రేపు మిల్లుల కాపలాకు పోకుంటె ఇంకొకన్ని పెట్టుకుంటమన్నరు. జర జల్ది చూడు.”

పోశాలు స్క్రూడ్రైవర్ ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. సెల్ఫు కొట్టమన్నట్టు చెయ్యి ఊపాడు. పూల్‌సింగ్ బండి మీదికి వంగి ఏదో అన్నాడు. అతని పెదవులు కనబడలేదు. పోశాలు కళ్లు మూసుకుని, కాసేపు విన్నట్టే విని, తలాడించాడు.

“రిలే పోయింది.”

గోరీ, పూల్‌సింగ్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గోరీ మళ్లీ అతని ఎదురుగా వచ్చింది.

“రిలే కొత్తదే బాపూ. మొన్ననే ఏసిరి. బాటరీ గూడ కొత్తదే. ఇద్దరు మేస్త్రీలు చూసిండ్రు.”

పోశాలు చెవుల వెనక చెమట పట్టింది. మీట నొక్కితే, మోటరుకు కరెంటు అందించే ఆ రిలే ‘టక్’మని ఒక్కసారి ఆగుతోందా, ‘టకటక’ కొట్టుకుంటోందా? ఆ ఒక్క ముక్క వినబడితే సగం పని అయిపోయేది. అడుగుదామంటే, వినాల్సినవాడు తనే కదా.

లోపలికి వెళ్లి దీపం తెచ్చాడు. దీపమంటే పాత ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు అతికించిన పనిముట్టు. ఒక వైరు బ్యాటరీ ప్లస్సుకు, రెండోది మైనస్సుకు పెట్టాడు. బల్బు భగ్గున వెలిగింది. బ్యాటరీలో లోటు లేదు. రెండో వైరు తీసి ఇంజను ఇనుముకు ఆనించాడు. వెలిగింది. వేలితో చూపించి, “కొట్టు” అన్నాడు. పూల్‌సింగ్ మీట నొక్కాడు. బల్బు ఆరిపోయింది. వదిలితే వెలిగింది. నొక్కితే మళ్లీ ఆరింది.

పోశాలు అక్కడే గొంతుక్కూర్చుని చాలాసేపు ఆ ఆకుపచ్చ రంగునే చూశాడు. బ్యాటరీ మైనస్సు నుంచి వచ్చిన ఎర్తు వైరు ఒక బోల్టుతో చాసిస్‌కు బిగించి ఉంది. బోల్టు విప్పాడు. దాని కింద ఇనుము కనబడలేదు. ఆకుపచ్చ రంగు అద్దంలా తళతళలాడింది.

“రంగెవరేసిండ్రు?”

“నేనే. పండుగకని దర్వాజలకు తెస్తే మిగిలింది,” అంది గోరీ. “తుప్పు పడ్తదని ఒక్కొక్క బోల్టు ఇప్పి, దాని కింద గూడ ఏసిన. ఒక్క జాగ ఇడ్వలే.”

“గదే కొంప ముంచింది బిడ్డా. రంగుల నుంచి కరెంటు పోదు. బల్బుకైతే కొసరంత చాలు, మోటరుకు చాలదు.”

పోశాలు అంత పొడుగు మాట మాట్లాడి ఎన్నాళ్లయిందో! గరుకు కాగితంతో ఆ చోట ఇనుము తెల్లబడేదాకా రుద్దాడు. వైరు కొసనూ రుద్ది, బోల్టు గట్టిగా బిగించాడు. పూల్‌సింగ్ మీట నొక్కాడు. పోశాలు ట్యాంకు మీద అరచెయ్యి పెట్టాడు. ఒక్క జలదరింపు, ఆ వెంటనే వణుకు అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది. బండి లేచింది.

అలవాటు చొప్పున స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాచాడు. గోరీ దాన్ని ముందే తీసి పట్టుకుని నవ్వుతోంది.

“ఇంక ఇదెందుకు బాపూ? ఇందాక నువ్వు దీన్ని చెవుల పెట్టుకుని ఇన్నప్పుడు ఈయన తాళమే తిప్పలే. తిప్పలేదని చెప్పె గూడ.”

పోశాలు ముఖం పాలిపోయింది. “నీకెప్పటి సంది ఎరుక?”

“పోయిన ఎండకాలం సంది. నాకొక్కదానికేనా? తండ మొత్తానికి ఎరుకే. పోశాలు బాపు దగ్గరికి పోతె మొకంల మొకం పెట్టి మాట్లాడుండ్రి, బరాబర్ అర్థమైతదని ఒకలకొకలం చెప్పుకుంటం.”

“మరి ఎందుకొచ్చిండ్రు?”

“గిదేం అడుగుడు? బండి బాగుచేస్తవని! చెవులతోని మాకేం పని?”

పూల్‌సింగ్ కూడా నవ్వాడు. పోశాలు స్టూలు మీద కూలబడ్డాడు. ఏడాదిన్నరగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలాడు. అది నవ్వయి బయటికొచ్చింది. కళ్లు తుడుచుకుంటే చేతి నలుపు చెంపకంటింది. వాళ్లిద్దరూ బండెక్కి వెళ్లిపోతుంటే గోరీ వెనక్కి తిరిగి చెయ్యూపింది.

ఆ సాయంత్రం సుశీల ఎదురుగా కూర్చుని, “నాకు చెవులు ఇనవడ్తలేవు,” అన్నాడు. ఆమె లేచింది. గోడగడియారం వెనక నుంచి మడత పెట్టిన చీటీ ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. వరంగల్‌లో చెవుల డాక్టరు పేరు. మడతలు నలిగి చిరగడానికి వచ్చాయి. ఎప్పుడో రాయించి పెట్టింది.

తెల్లవారి పోశాలు షట్టర్ ఎత్తలేదు. తెల్లచొక్కా తొడుక్కుని, చీటీ జేబులో పెట్టుకుని, సుశీలతో కలిసి వరంగల్ బస్సు ఎక్కాడు. మూసిన దుకాణంలో, దీపం పక్కన, మేకుకు పొడుగు స్క్రూడ్రైవర్ వేలాడుతోంది. చెవికి ఆని ఆని దాని పిడి ఒకవైపు మాత్రమే నున్నగా అరిగి ఉంది.