బొమ్మ బౌదిలియోది, పాట ఎవేలియోది

బౌదిలియో ఇంట్లో టీవీ మంచు దేశం నుంచి ఓడెక్కి క్యూబాకు వచ్చింది. అందుకని తెర మీద అప్పుడప్పుడు మంచు కురిస్తే, పాపం దానికి పుట్టిల్లు గుర్తొచ్చిందని చక్కెర మిల్లు వీధిలో అందరూ సరిపెట్టుకునేవారు. నెత్తిన ఒక్కటి మొడితే బుద్ధి తెచ్చుకునేది. ఆ ఆదివారం కురిసిన మంచు మాత్రం మొట్టికాయలకు లొంగే రకం కాదు. వార్తలు చదివే పెద్దమనిషి అందులో కూరుకుపోయాడు. బుసల మధ్య గొంతు ఒక్కటే వినిపిస్తోంది.

ఆ సాయంత్రమే బౌదిలియో కూతురు ఒడాలిస్, హవానాలో జరిగే పల్లెపాటల కార్యక్రమంలో పాడబోతోంది. తనే లావుద్ తీగలు మీటుతూ తనే పాడుతుంది. ఆ తీగల మీద వేళ్ళు పెట్టించింది బౌదిలియోనే. మిల్లులో కాలిన చేతులతో తను ఇప్పుడు మీటలేడు. అందుకే ఆయనకు ఆ వేళ్ళు కనపడాలి, ఆ గొంతు వినపడాలి. రెండిట్లో ఏది తగ్గినా లాభం లేదు. వేసిన పాట మళ్ళీ వేసే అలవాటు ఆ టీవీ వాళ్ళకు లేదు.

మధ్యాహ్నం కాఫీ తాగి, ప్లగ్గు పీకి, పెట్టెను గోడవైపు తిప్పి వెనక చెక్క ఊడదీశాడు. లోపలి చట్రాన్ని సొరుగు లాగినట్టు బయటికి లాగాడు. వాల్వులు ఒక్కొక్కటీ పీకి, వాటి కాళ్ళు రమ్ములో ముంచిన గుడ్డతో తుడిచాడు. వాల్వుకొక చుక్క, రిపేరు చేసేవాడికొక గుక్క. అన్నీ తిరిగి గుచ్చి పెట్టె వేస్తే, మంచు అంతకు ముందుకన్నా శుభ్రంగా, తెల్లగా కురిసింది.

లోపల తప్పు లేదంటే బయటే ఉండాలనుకుని కప్పెక్కాడు. ఆ వీధిలో అందరి యాంటెనాల్లాగే ఆయనదీ మిల్లు క్యాంటీన్ పళ్ళేలతో చేసిందే. అన్నానికొక గుంట, నల్ల చిక్కుళ్ళకొక గుంట, తీపికొక గుంట ఉన్న అల్యూమినియం పళ్ళేలు రెండు, కర్రకు అటొకటి ఇటొకటి. ఇప్పుడు కర్రకు ఒకటే ఉంది. రెండోది కింద వంటింట్లో, పంది మాంసం మోస్తూ కనిపించింది.

భార్య నెరైదాకు అందులో తప్పేమీ తోచలేదు.

"పంది పెద్దది, మన పళ్ళెం చిన్నది. నీ కూతురి పాట చూడ్డానికి వచ్చేవాళ్ళకు దోసిట్లో పెట్టమంటావా?"

"మరి నాతో ఒక మాట అనొచ్చుగా."

"తీశాక అందామనే వచ్చాను. నువ్వు పెట్టెలో తలకాయ పెట్టి దాన్ని తిడుతున్నావు. మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకని వచ్చేశాను."

మాంసం అరిటాకుల మీదికి మారింది. పళ్ళెం జిడ్డు కడిగించుకుని కప్పెక్కింది. వైరు బిగించగానే బొమ్మ వచ్చింది, ఎలాంటి బొమ్మ! వార్తల పెద్దమనిషి ఆ ఉదయం గడ్డం గీసుకుంటూ ఎక్కడ కోసుకున్నాడో కూడా తెలిసింది. కానీ నోరు కదులుతోందే తప్ప మాట రాలేదు. బుస కూడా లేదు. మీట ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పినా పెట్టె మూగనోము పట్టినట్టే ఉంది.

అదే పెద్దమనిషి గొంతు పక్కింటి కిటికీలోంచి ఖంగుమని వినిపించింది.

పక్కిల్లు ఎవేలియోది. అతని టీవీకి బొమ్మ పోయి చాలా కాలమైంది. నల్లటి తెర ముందు కుర్చీ వేసుకుని దాన్ని రేడియోలాగా వింటాడు. ఒడాలిస్‌కు అతనే జ్ఞానతండ్రి. బాప్తిస్మం నాడు పిల్లను చేతుల్లో పట్టుకుని నిలబడ్డది అతనే. అయినా రెండిళ్ళ మగవాళ్ళ మధ్య మాటల్లేవు. దానికి కారణం ఒక అబద్ధం.

ఆ అబద్ధం బౌదిలియోది. ఒక తుఫానులో గాలి తన యాంటెనాను ఎగరేసుకుపోతుంటే వైరు పట్టుకుని తాను కూడా ఎగిరాననీ, సముద్రం మీదికి చేరేసరికి కింద ఇంట్లో టీవీకి పరాయి దేశంలో వాతావరణం చెప్పే అమ్మాయి తగిలిందనీ, ఆ అమ్మాయి నెరైదాను చూసి "మీ ఆయన నా వెనకాలే ఉన్నాడు, గాలి తిరిగాక పంపిస్తాను" అని చెప్పిందనీ చెప్పుకునేవాడు. ఒకరోజు వీధిలో డొమినో ఆడే బల్ల దగ్గరికి వెళ్ళేసరికి ఎవేలియో ఇదే కథ చెబుతున్నాడు. అందులో ఎగిరిందీ ఎవేలియోనే. సొమ్ము పోతే ఊరుకునేవాడేమో, అబద్ధం పోతే బౌదిలియో ఊరుకోలేకపోయాడు.

పాటకు ఇక గంట కూడా లేదు. గోడ అవతలి గొంతుతోనే సరిపెట్టుకుందామని కుర్చీ కిటికీ దగ్గరికి జరిపాడు. అంతలో ఎవేలియో కిటికీ మూసుకున్నాడు.

నెరైదా కంచె దగ్గరికి వెళ్ళింది. ఎవేలియో తన పెట్టె తెస్తాడట, కానీ ఆ తుఫాను కథ సగం తనదని బౌదిలియో ఒప్పుకోవాలట. ఆమె వచ్చి చెప్పింది. బౌదిలియో తెర వైపు చూశాడు. పాటల కార్యక్రమం మొదలైపోయింది. అక్కడ ఒక ముసలాయన గిటారు సరిచేసుకుంటున్నాడు, చప్పుడు లేకుండా. అతని వెనక బల్ల మీద ఒడాలిస్ కూర్చుని ఉంది, ఒళ్ళో లావుద్‌తో, తన వంతు కోసం.

బౌదిలియో లేచి తనే కంచె దగ్గరికి వెళ్ళాడు.

"తుఫాను నువ్వు తీసుకో. వాతావరణం అమ్మాయిని మాత్రం ఇవ్వను."

ఎవేలియో కంచె మీద చేతులు ఆనించాడు. "ఎగరడం ఎవరిది?"

"బయల్దేరడం నాది, తిరిగి రావడం నీది. త్వరగా రా."

పెట్టెను ఇద్దరూ చెరో పక్క పట్టుకుని కంచె దాటించారు. బౌదిలియో పెట్టె నెత్తిన దాన్ని ఎక్కించి, ఎవేలియో యాంటెనా వైరు కిటికీలోంచి లాగారు. మాట పెదవికి అతికింది. కింది పెట్టెలో ఒడాలిస్ ముందుకు వచ్చి వంగి దండం పెడితే, పై పెట్టెలో చప్పట్లు మోగాయి.

పాట మొదలైంది. బౌదిలియో పాట వింటూ వేళ్ళనే చూశాడు. మూడో చరణం దగ్గర ఆ పిల్ల చిటికెన వేలు ఎప్పటిలాగే కొంచెం ఆలస్యంగా తీగ మీదికి చేరింది. చిన్నప్పటి నుంచీ అంతే, ఎంత తిట్టినా మారలేదు. ఆయన మోకాలి మీద ఆయన చిటికెన వేలు కూడా ఆలస్యంగానే కదిలింది.

ఎవేలియో తెరకు బాగా దగ్గరగా జరిగాడు.

"పిల్ల చిక్కింది బావా," అన్నాడు.

"బొమ్మలో అలా ఉంటుందిలే. గొంతు చూడు, ఎలా నిండిందో."

"గొంతు నా పెట్టెది."

"నీదేలే," అన్నాడు బౌదిలియో.

తర్వాత పాట చూడ్డానికి వచ్చినవాళ్ళతో పాటు ఇద్దరూ మాంసం తిన్నారు. అరిటాకు వాసన పట్టి బాగుందని ఎవేలియో అంటే, ఆ మాట బౌదిలియో కాదనలేదు.

మర్నాడు ఉదయం ఎవేలియో తన పెట్టె తీసుకుపోతానన్నాడు. వచ్చే ఆదివారం కూడా పాటలున్నాయిగా, ఊరికే మోయడం దేనికని నెరైదా అంది. అతను వెళ్ళాక బౌదిలియో తన పెట్టె వెనక చెక్క మళ్ళీ తీశాడు. చట్రం లాగినప్పుడు ఊడిన స్పీకరు వైరు పక్కనే వేలాడుతోంది. గుచ్చితే చాలు.

దాన్ని కాసేపు పట్టుకుని చూశాడు. మళ్ళీ ఎక్కడిదక్కడే వదిలేసి చెక్క బిగించాడు.

"దొరికిందా?" అని వంటింట్లోంచి నెరైదా అడిగింది.

"లోతుగా ఉందే జబ్బు. మన చేతుల్లో లేదు," అంటూ స్క్రూడ్రైవరు గూట్లో పెట్టి, డొమినో బల్ల దగ్గరికి వెళ్ళడానికి చొక్కా తొడుక్కున్నాడు.