ఊడనని కూర్చున్న మిరపకాయల తాడు

వాండో దీవిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా గేటుకి అడ్డంగా గడ్డితాడు కట్టేది ఒక్‌బున్. మామూలు తాడు కుడివైపుకి పేనుతారు, దీన్ని ఎడమవైపుకి పేనాలి. మగపిల్లాడైతే మధ్యమధ్య ఎర్రటి మిరపకాయలు, బొగ్గుముక్కలు గుచ్చాలి. ఇరవై ఒక్క రోజులు బయటివాళ్లు దాటకూడదు. ఈ అక్టోబరులో ఆమె సొంత మనవడు గ్యోల్ కోసం కట్టింది.

తాడు తన పని తాను చేసుకుపోయింది. పోస్టుమాన్ దగ్గుతూ వస్తే నడుము ఎత్తు నుంచి గుండెల దాకా లేచింది. అతను "సరేలే, సరేలే" అంటూ ఉత్తరాలు గోడ మీద పెట్టి వెళ్లాడు. పక్కింటామె బాలింతకి సముద్రపు నాచుతో చేసిన పులుసు తెస్తే గిన్నె పట్టేంత సందిచ్చింది.

చిక్కంతా గ్యోల్ అక్క, ఆరేళ్ల బోమితోనే. బడి నుంచి ముక్కు కారుతూ వచ్చేది, తాడు గడ్డం దాకా లేచేది. దాంతో మేనత్త ఇంట్లో ఉండాల్సి వచ్చింది.

"నా తమ్ముణ్ణి నాకే చూపించరా?" అని రోజూ గేటు బయట అరిచేది.

"ముందు ముక్కు తుడుచుకోవే," అనేది నానమ్మ ఒక్‌బున్.

"తుడుచుకున్నా!"

"దేంతో?"

బోమి చొక్కా చెయ్యి వెనక్కి దాచుకునేది.

ఇరవై ఒకటో రోజు ముడి విప్పబోతే రాలేదు. ఒక్‌బున్ కొడుకు చాంగ్‌సిక్ నాచు కోసే కొడవలి తెచ్చాడు. కొడవలి మొద్దుబారింది కానీ ఒక్క పోచ తెగలేదు.

"మరీ బిగించేశావమ్మా."

"నలభై ఏళ్లుగా ఇలాగే కడుతున్నా. దానికింకా పనుంది, వదిలెయ్."

కోడలు యున్‌జోకి మనసు ఊరుకోలేదు. బాబు నోట్లో తెల్లపూత కూడా తగ్గడం లేదు. డాక్టరుకి ఫోన్ చేసింది.

"మా బాబుకి ఇవాళ ఇరవై ఆరో రోజండీ. తాడు ఇంకా ఊడలేదు."

డాక్టరు వెంటనే అడిగారు: "ఎడమవైపుకి పేనిందేనా?"

"మా అత్తయ్య కట్టింది."

"క్షయ టీకా వేయించారా?"

"రేపు వేయిద్దామని."

"వద్దు. రక్తపరీక్ష అయ్యేదాకా ఏ టీకా వద్దు. ఇప్పుడే తీసుకురండి."

బాబు ఒంట్లో రోగాలతో పోరాడే కణాలు పుట్టడమే లేదని తేలింది. చాలా అరుదైన జబ్బు. జలుబు చాలు, ప్రాణం తీయడానికి. ఆ టీకాలో ఉండే బతికున్న క్రిములైనా చాలు. సరిపోయే ఎముక మూలుగ దొరికి ఎక్కిస్తే బతుకుతాడన్నారు.

అందరి రక్తమూ చూశారు. సరిపోయింది బోమిది.

"నా జలుబు కూడా వాడికెళ్లిపోతుందా?" అనడిగింది.

"అదొక్కటీ నీ దగ్గరే ఉంచుకో తల్లీ," అంది నానమ్మ.

పెద్దాసుపత్రికి బయల్దేరిన రోజు తాడు తనంతట తానే ఊడి ఒక్‌బున్ చేతికి చుట్టుకుంది. అక్కడ బాబు ఉన్న అద్దాల గది తలుపుకి మళ్లీ తనే అడ్డంగా కట్టుకుంది. చేతులు కడుక్కోవడం మరిచిన డాక్టరు ముందు లేచింది. ఆయన తలగోక్కుని కుళాయి దగ్గరికి వెళ్లాడు. ఇంటిల్లిపాదీ బోమి ముక్కుకి కాపలా కాశారు. అది రెండు వారాలు పొడిగా ఉన్నాక, చలికాలం చివర్లో, మూలుగ తీసి బాబుకి ఎక్కించారు. బోమి తమ్ముణ్ణి అద్దంలోంచే చూసింది.

వేసవిలో ఇంటికొచ్చారు. తాడు మళ్లీ గేటెక్కింది. నెలనెలా రక్తపరీక్షలో కణాలు పెరుగుతూనే ఉన్నాయి. అయినా యున్‌జో తలుపు గడియలు కూడా తుడిచేది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం బోమి బడి నుంచి వచ్చి, సరిగ్గా గేటు ముందు నిలబడి, ఒళ్లంతా ఊగిపోయేలా తుమ్మింది.

అందరూ తాడు వంక చూశారు. అది కదల్లేదు. కాసేపటికి ముడి దానంతటదే వదులై, తాడు బోమి కాళ్ల దగ్గర మెత్తగా పడింది.

"తాడు లెక్కలో ఇవాళే ఇరవై ఒకటో రోజు," అని ప్రకటించింది ఒక్‌బున్. "నూరో రోజు పండక్కి ఇక్కణ్ణుంచే లెక్క. బియ్యప్పిండి రొట్టెలు వంద ఇళ్లకి పంచాలి."

"వాడికి పదకొండు నెలలమ్మా!" అన్నాడు చాంగ్‌సిక్.

"అయితే ఈసారి వాడే పంచుతాడు."

బోమి తాడు దాటింది. "చేతులు కడుక్కో!" అని యున్‌జో కేకేసింది. బోమి మోచేతుల దాకా కడుక్కుని వచ్చి తమ్ముడి ముందు కూర్చుంది. గ్యోల్ అక్కని ఎగాదిగా చూసి, చెయ్యి చాచి, తడితడిగా ఉన్న ఆమె ముక్కు గట్టిగా పట్టుకున్నాడు.

యున్‌జో గడియలు తుడిచే గుడ్డ పక్కన పెట్టేసింది.