చదివి వినిపించడమైనది

కృపామణికి లా పట్టా వచ్చి పదమూడేళ్లయింది. ఆ పదమూడేళ్లలో జడ్జి ముందు నిలబడి ఆమె అడిగింది వాయిదాలే తప్ప, ఒక్క కేసూ వాదించింది లేదు. తిరుపతిలో ఢిల్లీబాబు అనే సీనియర్ వకీలు దగ్గర జూనియర్‌గా చేరింది. దావాలు రాసేది, నోటీసులు పంపేది, కక్షిదారులు ఏడిస్తే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేది. ఢిల్లీబాబు మంచి మనిషే. కానీ వాదన అనేసరికి ఆయనకు కృపామణి గుర్తొచ్చేది కాదు. ఆమె కూడా గుర్తు చేసేది కాదు.

ఎందుకు చేసేది కాదో ఆమె ఒక్కదానికే తెలుసు. లా చదివిన మూడేళ్లూ ఆమె చంకలో కూతురు రూపశ్రీ ఉండేది. తరగతులకు పోయింది తక్కువ, గైడ్లు బట్టీ పట్టింది ఎక్కువ. అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఎవరో ఒకరు నడి కోర్టులో తనను నిలేసి ఒక ప్రశ్న అడుగుతారని, తాను నీళ్లు నములుతానని, నల్లకోటు వేసుకున్న ప్రతిరోజూ ఆమెకు బెరుకే.

నలభై రెండో ఏట బార్ అసోసియేషన్ గోడ మీద ఒక కాగితం చూసింది. ఊళ్లోని ఒక కాలేజీలో సాయంత్రం తరగతులట. మామూలు లా పట్టా ఉన్నవాళ్లు మరో రెండేళ్లు చదివి, ఒక పరిశోధన వ్యాసం రాస్తే ఆనర్స్ పట్టా ఇస్తారట. వారానికి నాలుగు దినాలు, ఆరు నుంచి ఎనిమిది దాకా. కృపామణి ఆ కాగితం ముందు నిలబడి రెండుసార్లు చదివింది. మరుసటి రోజు మళ్లీ వెళ్లి చదివింది.

"ఐదున్నరకు ఆఫీసు నుంచి పంపించాల సార్, వారంలో నాలుగు దినాలు," అని ఢిల్లీబాబును అడిగింది.

ఆయన కళ్లజోడు తీసినాడు. "ఈ వయసులో ఇదేందమ్మా? ఉండే పట్టా చాల్లేదా?"

"పట్టా ఉండాది సార్. చదువే లేదు."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "సరే, పొద్దున ఒక గంట ముందు రా," అన్నాడు. అంతే. ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా ఐదున్నర దాటి ఆమెను ఆపలేదు. ఒకటి రెండుసార్లు ఆమే పని ముగించలేక కూర్చుంటే, "లేమ్మా, టైమైంది," అని ఆయనే ఫైలు మూసేసినాడు.

ఇల్లు వడమాలపేటలో. భర్త మోహన్‌కు అక్కడే మోటార్లకు వైండింగ్ చేసే అంగడి. ఆమె చేరతానన్న రోజు ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: "పులుసులోకి చింతపండు ఎంత నానబెట్టాల?" మొదటి నెలంతా ఆయన చేసిన పులుసు నోట్లో పెట్టుకుంటే దవడలు లాగేవి. ఎవరూ ఏమీ అనలేదు. మూడో నెలకు బాగా కుదిరింది. తరగతి ఉన్న దినాల్లో బస్సు దిగేసరికి రోడ్డు పక్కన బండి వేసుకుని నిలబడి ఉండేవాడు. ఆలస్యమైందేమని ఏనాడూ అడగలేదు.

ఇంతమంది తోడున్నా మొదటి ఏడాది న్యాయ సిద్ధాంతాల పేపర్ పోయింది. ఆ పాఠం చెప్పే అమల మేడం, కృపామణి కంటే ఏడెనిమిదేళ్లు చిన్నది. జవాబు పత్రం ముందు పెట్టుకుని పిలిచింది.

"మీరు రాసిందంతా పుస్తకంలో ఉండేదే. తప్పు ఒక్కటీ లేదు. మీరేమనుకుంటారో ఒక్క వాక్యం కూడా లేదు. ఒక పని చేయండి. ఇంట్లో చదువు లేనివాళ్లెవరైనా ఉన్నారా?"

"మా అత్త ఉంది మేడం. బడి మొహం చూడలేదు."

"ఆమెకు చెప్పండి. ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పగలిగితే మీకు వచ్చినట్టే."

కృపామణికి సిగ్గేసింది. సిగ్గుపడుతూనే మరుసటి పొద్దు నుంచి మొదలుపెట్టింది. అత్త గ్రేసీకి డెబ్భై రెండేళ్లు. పొద్దున్నే వసారాలో కూర్చుని ఆమె ఏదో ఒక పని చేసుకుంటూ ఉంటే, పక్కన పీట వేసుకుని కృపామణి పాఠం చెప్పేది. హక్కు అంటే ఏంది, బాధ్యత అంటే ఏంది, సమ్మతి అంటే ఏంది. గ్రేసీ ఊరికే వినే మనిషి కాదు. "అట్లయితే కోడిపుంజు పక్కింటి దొడ్లోకి పోతే తప్పెవురిది?" అని అడిగేది. కృపామణి ఆలోచించాల్సి వచ్చేది. రెండోసారి రాసినప్పుడు ఆ పేపర్‌లో ఆమెకు తరగతి మొత్తమ్మీద ఎక్కువ మార్కులొచ్చినాయి.

రెండో ఏడాది చలికాలం. గ్రేసీ ముందు రాత్రి నానబెట్టిన అనపగింజలను ఒక్కొక్కటే వేళ్లతో పితికి, పొట్టు తీసేసి, పప్పు గిన్నెలో వేస్తా ఉంది. వేలిముద్ర పత్రాల గురించి ఒక తీర్పు చదివి చెబుతోంది కృపామణి. దస్తావేజుల చివర 'చదివి వినిపించడమైనది' అని రాస్తారు కదా, ఆ మాట దగ్గరికొచ్చింది. గ్రేసీ చేతులు ఆగిపోయినాయి.

"నాగ్గూడా చదివి వినిపించినార్లే మే, మీ మామ పోయినాక," అంది. "ఆఫీసులో ఒకాయన రైలుబండి పోయినట్ల గడగడా చదివినాడు. నా ఏలు పట్టుకోని ముద్ర ఏయించినాడు."

"ఏం రాసినారో తెలిసిందా అత్తా?"

"యాడ తెలుస్తాది? తల ఊపినా. ఊపకుంటే, దీనికి ఏమీ తెలీదు అనుకుంటారు గదా, అందుకని ఊపినా. అర్థమైందా అని నన్నెవురూ అడగలే." మళ్లీ గింజ తీసుకుంది. "అడిగింటే చెప్పేదాన్నేమో."

కృపామణి పుస్తకం మూసేసింది. ఆ రోజే ఆమెకు తన పరిశోధన వ్యాసం దొరికింది. చదువు రానివాళ్లకు పత్రం చదివి వినిపించడం వేరు, వాళ్లకు అర్థం కావడం వేరు. తల ఊపడం సమ్మతి కాదు. ఆ సంగతి మీద నాలుగు నెలలు తీర్పులన్నీ తిరగేసి, ఊళ్లలో ముప్పైమంది ముసలివాళ్లను కలిసి మాట్లాడి, నూటపది పేజీలు రాసింది. మొదటి పేజీలో అత్తకు, మోహన్‌కు, ఢిల్లీబాబుకు, అమల మేడంకు కృతజ్ఞతలు చెప్పుకుంది. ఇంకా ఏదో రాయాలనిపించింది కానీ మాటలు చాల్లేదు.

ఆ వ్యాసం ప్రతి ఒకటి ఢిల్లీబాబు బల్ల మీద పెట్టింది, మర్యాదకు. ఆయన చదువుతాడనుకోలేదు. మూడు రోజుల తర్వాత ఆయన ఒక ఫైలు తెచ్చి ఆమె ముందు పెట్టినాడు.

"మునెమ్మ కేసు. నీకు తెలిసిందే. వచ్చే బుధవారం చిత్తూరు కోర్టులో పత్రం రాసినాయన అవతలివాళ్ల తరఫున సాక్ష్యానికొస్తాడు. ఆయన్ను ప్రశ్నలు నువ్వే అడుగు."

"సార్, నేనా?"

"ఈ సంగతి నాకంటే నీకు బాగా తెలుసమ్మా. నీ వ్యాసం చదివినాక చెప్తా ఉండా."

మునెమ్మది చిత్తూరికి దక్షిణంగా, తమిళనాడు పొలిమేరలో ఒక పల్లె. భర్త పోయినాడు, పిల్లల్లేరు. ఎకరం మామిడితోట ఉంది. పింఛను కాగితం అని చెప్పి మరిది కొడుకు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పిల్చుకుపోయి, తోట తనకు దానంగా ఇచ్చినట్టు పత్రం మీద ఆమెతో వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ పత్రం చెల్లదని దావా.

బుధవారం చిత్తూరు బస్సులో కృపామణి తాను అడగాల్సిన ప్రశ్నలు దారి పొడవునా చదువుకుంటూనే ఉంది. బోనులోకి వచ్చిన దస్తావేజు రచయిత పెద్ద వయసు మనిషి, నెమ్మదైనవాడు. ఆయన్ను చూస్తే ఆమెకు కోపం రాలేదు. మెల్లగా అడిగింది.

"పత్రం మొత్తం మునెమ్మగారికి చదివి వినిపించినారా?"

"వినిపించినాను."

"ఏ భాషలో?"

"పత్రం తెలుగులో ఉండాది. తెలుగులోనే."

"ఆ రోజు ఆమెతో మీరు ఏ భాషలో మాట్లాడినారు?"

"అరవంలో."

"ఎందుకని?"

"ఆమెకు తెలుగు సరిగ్గా రాదు."

కృపామణి పత్రంలో పేజీలు తిప్పింది.

"మూడో పేజీలో 'సర్వహక్కులతో దఖలుపరచడమైనది' అని ఉంది. దాన్ని అరవంలో ఆమెకు ఏమని చెప్పినారు?"

"చెప్పలేదమ్మా."

"తోట ఇంక మీది కాదు అని చెప్పినారా?"

"లేదు." ఆయన తల దించుకున్నాడు. "ఆమె తల ఊపింది. తెలిసిందనుకున్నా."

ఇంక అడగాల్సింది లేదని జడ్జికి చెప్పి కృపామణి కూర్చుంది. పక్కన ఢిల్లీబాబు మంచినీళ్ల సీసా ఆమె వైపు జరిపినాడు.

ఆనర్స్ ఫలితాలు వచ్చినాయి. సెకండ్ క్లాసు. అమల మేడం ఫోన్ చేసి, "వ్యాసానికి మాత్రం మీదే మొదటి స్థానం," అంది. తీర్పు మరో రెండు నెలలకు వచ్చింది. పత్రం చెల్లదన్నారు. అవతలివాళ్లు అప్పీలుకు పోతామని కోర్టు వరండాలోనే గట్టిగా అన్నారు, పోతారు కూడా. అయినా మునెమ్మ కృపామణి రెండు చేతులూ పట్టుకుని అరవంలో చాలాసేపు మాట్లాడింది. సగమే అర్థమైంది. తక్కిన సగం మళ్లీ చెప్పమని కృపామణి అడిగింది. మునెమ్మ ఓపిగ్గా మళ్లీ చెప్పింది.

సాయంత్రం ఇంటికొచ్చి అత్తకు జరిగిందంతా చెప్పింది. నడవలో నిలబడి మోహన్ కూడా విన్నాడు. గ్రేసీ ప్రతి మాటా విని, మధ్యలో రెండు ప్రశ్నలడిగి, చివరికి, "ఆయమ్మకు ఇంట్లో ఎవురుండారు?" అంది.

"ఎవురూ లేరత్తా. ఒక్కతే."

"అయితే ఆదివారం ఈడికి పిల్చకరా. చర్చి నుంచి వచ్చినాక నేనే వండతా. మోహనా, పొద్దున్నే ఆయమ్మ పల్లెకు పొయ్యి బాడుగ కార్లో తీసకరా. బస్సుల్లో ముసిలాళ్లకు కష్టం."

మోహన్ సరేనన్నాడు. కృపామణి మునెమ్మ పక్కింటివాళ్ల ఫోన్ నంబరు కోసం సంచిలో వెతికింది.