పన్నెండు నిమిషాల గీతలు

నర్మెట్ట దాటాక రోడ్డు పక్కనున్న ఆ కాలేజీ మేడ మీద చేపముల్లులాంటి యాంటెన్నా ఒకటుంది. దాని పని సూర్యుడి గోల వినడం. సూర్యుడు కోపమొచ్చి నిప్పులు కక్కినప్పుడల్లా రేడియో అలలు లేస్తాయి. కింద గదిలో ఉన్న డబ్బా వాటిని పట్టి, పావుగంటకో బొమ్మ చేసి, ఎవరినీ అడక్కుండా విదేశానికి పంపేస్తుంది. ఇలాంటి డబ్బాలు ప్రపంచమంతా ఉన్నాయి. ఇక్కడ పొద్దుగూకితే ఇంకో దేశంలోది అందుకుంటుంది. ఆ వరసలో ఇక్కడి పగటి వంతు సుజాతది.

సుజాత పక్క తండా పిల్ల. మూడేళ్ల కింద ల్యాబు ఊడవడానికి చేరింది. ఇప్పుడు బొమ్మ చూసి ఏది సూర్యుడో, ఏది ఆటో ఇంజనో ఇట్టే చెబుతుంది. ఫిజిక్సు చెప్పే వెంకట్రాజం సారుకే అంత ఓపిక లేదు. సూర్యుడిది వాలుగా జారే గీత, మనుషులవి నిటారు గీతలు.

నాలుగు నెలలుగా బొమ్మ నిండా నిటారు గీతలే. సెకనుకొకటి, కుట్టుమిషను కుట్టినట్టు. చివరికి విదేశం నుంచి ఉత్తరమొచ్చింది. ఏడు రోజులు వరసగా శుభ్రమైన బొమ్మలు రావాలి, ఒక్కటి చెడినా మీ పేరు కొట్టేస్తాం, డబ్బా ఇంకో కాలేజీకి ఇస్తాం అని.

"ఎవలిదో సోలార్ కంచె లెక్కున్నది. ఎవలిదో ఎరుకైందా?" అన్నాడు సారు.

"లే సార్," అంది సుజాత. పచ్చి అబద్ధం. వెనక తుమ్మలు దాటితే ఉన్న మక్కచేను ఆమె తండ్రి భద్రుది. చెబితే సారు తండాకొచ్చి కంచె పీకమంటాడు. కంచే చేను మేసిందంటారు గానీ, ఈ కంచె మేస్తున్నది బిడ్డ చేనును.

ఆ కంచె లేనిదే అక్కడ కంకి దక్కదు. రాత్రి అడవిపందులు, పగలు కోతులు. కంచె మిషను సెకనుకోసారి తీగకు షాక్ కొడుతుంది. తీగకు ఆకు తగిలినచోట నిప్పురవ్వ లేస్తుంది, ఆ రవ్వ గోలే మేడెక్కి బొమ్మలో పడుతుంది. రాత్రి సూర్యుడుండడు కాబట్టి పందులతో పేచీ లేదు. చిక్కంతా కోతులతోనే, అవీ సరిగ్గా ఆఫీసు టైముకే డ్యూటీ ఎక్కుతాయి.

అన్నం దగ్గర తండ్రికి చెప్పింది. తండాలో తండ్రిని 'బా' అంటారు.

"వారం దినాలు పగటిపూట కంచె బంద్ పెట్టు బా."

"మక్కలు పాల మీదున్నయి బిడ్డా."

"ఎరికే."

"గా డబ్బా పోతే నీ కొలువు పోతదా?"

"ఊడ్సుడు ఉంటది బా. సూర్యున్ని సూసుడు పోతది."

భద్రు ముద్ద నమిలి మింగాడు. లేచి చూరులోంచి వడిసెల తీశాడు. "నేనే కూసుంట తియ్," అన్నాడు. మోకాలు వంగని మనిషి ఆ మాటన్నాడు.

ఆరు రోజులు కూర్చున్నాడు కూడా. ఎండలో కేకలేసి గొంతు పోయింది. ఇక్కడ బొమ్మలు కడిగినట్టు శుభ్రంగా వచ్చాయి. ఐదోనాడు సూర్యుడే స్వయంగా పలికాడు, వాలుగా ఓ పసుపు గీత. దాన్ని చూసి సుజాత ఒక్కతే నవ్వుకుంది, దిష్టి తగులుతుందని వెంటనే నోరు మూసుకుంది.

ఏడోనాడు పదకొండున్నరకు వచ్చిన బొమ్మ చివర గీతలున్నాయి. నిటారుగా, సెకనుకొకటి. తర్వాతి బొమ్మ మొదట్లోనూ ఉన్నాయి. మొత్తం పన్నెండు నిమిషాలు. ఆ తర్వాత మళ్లీ శుభ్రం.

చదువు రాని తండ్రి రాసిన ఉత్తరంలా అది సుజాతకు అర్థమైంది. కోతుల మంద చేలో పడింది. వడిసెలకు లొంగలేదు. కుంటుకుంటూ పోయి మిషను పెట్టాడు. కోతులు వెనక్కి తగ్గుతుండగా బిడ్డ గుర్తొచ్చింది, ఆపేశాడు. గీతలు మొదలైనందుకు ఆమెకు కోపం రాలేదు. ఆగినందుకు ఏడుపొచ్చింది. ఆపకుండా ఉంటే చేనన్నా దక్కేది కదా, పిచ్చి బా.

బొమ్మలు అప్పటికే సముద్రాలు దాటాయి. నాలుగింటికల్లా జవాబొచ్చింది. సారు చదివి, పెదవి చప్పరించి, యాంటెన్నా విప్పే మనిషిని చూడమన్నాడు. సుజాత తలుపుకు తాళమేసి తుమ్మల దారి పట్టింది.

చేలో కోతులు తిన్నది తక్కువ, పారేసింది ఎక్కువ. సగం కొరికిన పాలకంకులు కాళ్లకు అడ్డం పడ్డాయి. భద్రు ఒడ్డు మీద కూర్చుని మోకాలు పట్టుకుని ఉన్నాడు. బిడ్డను చూడగానే ముందుగా తనే అన్నాడు.

"ఏడు దినాలు ఒక్కసారి గూడ కంచె పెట్టలే బిడ్డా. మంచిగ పడ్డదా?"

ఆయన చూపు ఆమె మొహం మీద లేదు, నేల మీదుంది.

"మంచిగ పడ్డది బా," అంది సుజాత. "మెచ్చుకున్నరు."

"గట్లనా! అయితే మక్కలు పోతే పోయినయి తీ. నీదన్నా నిలవడ్డది." ఆయన మొహం విప్పారింది. చెయ్యి ఊతం చేసుకుని లేచాడు. "ఇగ కంచె పెట్టుకోవచ్చా మరి?"

"పెట్టుకో బా."

భద్రు కుంటుకుంటూ మిషను దగ్గరికి పోయాడు. ఒక్క కంకి నిలవని చేను చుట్టూ తీగ టక్కు టక్కుమని కొట్టుకోవడం మొదలుపెట్టింది.