చక్రాలక్క ఒంట్లో ఇనుము

పొద్దున్నే లేచి చక్రాలక్క మొదట చేసే పని, ఒంటికి అతుక్కున్న సామాను ఊడదీసుకోవడం. సైకిల్ షాపు వెనక గదిలోనే ఆమె పడక. తెల్లారేసరికి నట్లు, బోల్టులు, బేరింగు గుళ్లు దొర్లుకుంటూ వచ్చి చేతుల్ని, భుజాల్ని కరుచుకుని ఉండేవి. వాటిని డబ్బాలో రాల్చి, మొహం కడుక్కుని షట్టర్ ఎత్తేది. వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. నట్టు జారిపోయిందని ఎవరైనా వస్తే ఆమె దుమ్ము మీద అరచెయ్యి ఆడించేది. నట్టు ఎగిరొచ్చి చేతికి అంటుకునేది.

అందరూ తలపట్టుకున్నది మాత్రం ఆమె ఒంట్లో రక్తం లేదని. కీళ్లవాపు పట్టుకుని ఏళ్లయింది. పంపు నాలుగుసార్లు కొడితే కళ్లు బైర్లు కమ్మి స్టూలు మీద కూలబడేది. జనం ఊరుకుంటారా? ఒళ్లు వంచదన్నారు, ఆకుకూరలు తినమన్నారు. ఊహ తెలిసినప్పటినుంచి చక్రాలు బిగించిన మనిషికి బద్ధకమట! తమ్ముడు మాత్రం ఇనుము టానిక్కులు పెట్టెలకొద్దీ తెచ్చిపోశాడు. రక్తం పెరగలేదు గానీ, నిలబెట్టిన సైకిళ్లు ఆమె వైపు ఒరగసాగాయి.

"ఇక చాలక్కా," అన్నాడు తమ్ముడు ఒకరోజు. "ఫోన్ల దుకాణం పెట్టుకోడానికి మన షాపుని ఫోన్లాయన అడుగుతున్నాడు. ఇచ్చేసి నువ్వు కూర్చుని తిను."

"కూర్చోడానికి నేనేం షోకేసు బొమ్మనా? పెద్దాస్పత్రిలో ఏదో కొత్త మందు పరీక్షిస్తున్నారట. చూసొస్తా. అప్పటికీ టైరుకి నిండా గాలి కొట్టలేకపోతే తాళంచెవి నేనే నీ చేతిలో పెడతా."

డాక్టరమ్మ రిపోర్టు చూసి పెదవి విరిచింది.

"నీ రక్తంలో ఇనుము తక్కువమ్మా. ఈ మందు, ఒంట్లో ఇనుము నిల్వలు ఉండి కూడా రక్తం లేనివాళ్లకే. టానిక్కు రాసిస్తాను."

చక్రాలక్కకి ఒళ్లు మండింది. "ఇంకో సీసా తాగితే మీ ఆస్పత్రి గేటు నా వెంట ఇంటికొస్తుంది. తర్వాత మీ ఇష్టం."

లేచి నడిచింది. డాక్టరమ్మ కూర్చున్న ఇనుప చక్రాల స్టూలు, డాక్టరమ్మతో సహా, ఆమె వెనకే తలుపు దాకా దొర్లుకుంటూ వచ్చింది.

"ఆగమ్మా," అంది డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంటూ. "ఇంత ఇనుము ఉన్న మనిషిని లేదని పంపేస్తున్నాను. నిల్వ ఎంతుందో కూడా చూద్దాం."

బోలెడంత ఉందని తేలింది.

"ఒంట్లో వాపు ఏళ్ల తరబడి ఉంటే, ఇనుముని బయటికి వదలొద్దని కాలేయం కబురు పంపుతూనే ఉంటుంది. సరుకంతా గోడౌన్లో ఉంటుంది. రక్తం తయారయ్యేచోట, ఎముకల్లో, పస్తు. ఈ మందు ఆ కబురుని ఆపాలి. ఆపుతుందని మాటివ్వలేను, ఇంకా పరీక్షలోనే ఉంది."

"మాటలిచ్చినవాళ్లని చాలామందిని చూశాను. మీరు సూది వెయ్యండి."

కొన్ని వారాలు ఏ మార్పూ లేదు. తర్వాత ఒక పొద్దున లేచేసరికి ఒంటిమీద బోల్టులు లేవు, నట్లే ఉన్నాయి. ఆ తర్వాత నట్లూ వదిలాయి. పాలిపోయిన అరచేతుల్లోకి ఎరుపు దిగింది.

"ఇక పడ్డ నట్టు ఎవరు వెతుకుతారు?" అని సణిగాడు తమ్ముడు.

"నీ కళ్లేం చేస్తున్నాయిరా?"

ఫోన్లాయన షాపు కొలుచుకోడానికి టేపుతో వచ్చాడు. ఆయన వచ్చిన సైకిల్ టైర్లు రెండూ నేల కరిచి ఉన్నాయి. చక్రాలక్క పంపు తగిలించి, కాలితో తొక్కిపట్టి కొట్టడం మొదలుపెట్టింది. తమ్ముడు అలవాటుకొద్దీ స్టూలు తెచ్చి వెనక వేశాడు. ఆమె దాన్ని మడమతో పక్కకు నెట్టింది. ముందు టైరు రాయిలా బిగిసింది. ఊపిరి తీసుకోడానికి కూడా ఆగకుండా వెనక టైరు అందుకుంది. ఎదురుగా టీ తాగేవాళ్లు గ్లాసులు దించి చూస్తూ ఉండిపోయారు.

తమ్ముడు ఫోన్లాయన చేతిలోని టేపు తీసుకుని, జాగ్రత్తగా చుట్టి, ఆయన జేబులోనే పెట్టాడు.

చక్రాలక్క పంపు చేత్తో పట్టుకునే వీధి వైపు తిరిగింది.

"ఇంకెవరి టైర్లు దిగాయి? రండి."