పెద్ద గ్లాసు

బండి దిగకుండా కొనుక్కునేవాళ్ళకి కిటికీలోంచి బర్గర్లూ కూల్‌డ్రింకు గ్లాసులూ అందించే పనిలో పెద్దమ్మకి ఇది నాలుగో ఏడు. ఆ దుకాణంలో అందరికంటే వయసులో పెద్దది కాబట్టి మేనేజరమ్మాయితో సహా అంతా ఆమెని అలాగే పిలుస్తారు. వచ్చినవాళ్ళు మైకు స్తంభం దగ్గర ఆగి ఏం కావాలో చెప్తే, అది ఆమె చెవిలో వినపడుతుంది. వాళ్ళు మలుపు తిరిగి కిటికీ దగ్గరికి వచ్చేలోపు అన్నీ సిద్ధంగా ఉండాలి. ఎవరొచ్చినా ఒక మాట మాత్రం అడిగి తీరాలి: "కొద్ది తేడాతో పెద్ద గ్లాసు వస్తుందండీ, ఇమ్మంటారా?" అడిగిందీ లేనిదీ యంత్రం వింటూనే ఉంటుంది. అడగడం మానేసినవాళ్ళకి మరుసటి వారం సగం రోజులే పని.

పెద్దమ్మ ఒక్కసారీ మానలేదు. ఆమె చెల్లెలు చిట్టికి షుగరు. చిట్టి మందులన్నీ ఈ పని మీదే నడుస్తున్నాయి.

ఇద్దరూ ఒక్క గదిలో ఉంటారు. చిట్టి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పోయిన నెల ఆమె ఎడమ కాలి బొటనవేలు తీసేశారు. షుగరు దిగకపోతే పాదం నిలవదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. వాళ్ళమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు వేలు, తరవాత కాలు, ఏడాది తిరక్కుండా మనిషి. అమ్మని ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్తుంటే తలుపులు మూసుకున్న చప్పుడు పెద్దమ్మ చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. అందుకే ఇంట్లో చక్కెర డబ్బా లేకుండా చేసింది. అయినా పరీక్ష చేసినప్పుడల్లా అంకె కొండెక్కి కూచునేది.

"కడుపు మాడ్చుకుంటూనే ఉన్నాను కదక్కా, ఇంకేం చెయ్యమంటావు?" అనేది చిట్టి.

పెద్దమ్మకి ఎప్పుడూ మధ్యాహ్నం పని. ఆ మంగళవారం పొద్దుటి మనిషికి జ్వరమొచ్చి, మేనేజరమ్మాయి ఫోను చేసింది. అప్పటికే చిట్టి కట్టు మార్పించుకోవడానికి స్కూటరు మీద ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

పదకొండింటికి చెవిలో ఒక గొంతు వినపడింది. "ఒక కూల్‌డ్రింకు ఇవ్వండి."

ఆ గొంతు పెద్దమ్మకి తెలుసు. అడగాల్సిన మాట అడగలేదు.

"ఉన్నారా అండీ? పెద్దది కావాలా అని అడగలేదేంటి ఇవాళ? రోజూ అడుగుతారుగా. సరే, పెద్దదే ఇవ్వండి."

స్కూటరు మలుపు తిరిగి కిటికీ కిందికొచ్చింది. చిట్టి తలెత్తి చూసింది.

"నువ్వా. నీకు మధ్యాహ్నం కదా?"

"ఎన్నాళ్ళ నించి సాగుతోందే ఇది?"

"వెనక కారువాడు హారన్ కొట్టి చంపుతున్నాడు. ముందు గ్లాసివ్వు."

"ఇవ్వను. కాలు పోతుందే."

"నాకు ఇవ్వకుండా నా కాలు కాపాడితే, నీ పని పోతుంది. ఏది పోతే ఏముంది?" అని నవ్వబోయి, చిట్టి నవ్వలేకపోయింది. "లేచింది మొదలు అది తినకు, ఇది తాగకు. నువ్వూ అంతే, డాక్టరూ అంతే. గౌను కుట్టించుకోడానికొచ్చినావిడ కూడా చెప్పిపోతోంది. ఇంకాస్త ఇమ్మంటారా అని నన్ను అడిగేది ఇక్కడొక్కచోటే అక్కా. అంత మర్యాదగా ఇంకెవరడుగుతారు?"

బండి ఎంతసేపు ఆగిందో లెక్కపెట్టే గడియారం పెద్దమ్మ తలపైన గోడమీద ఎర్రబడింది. మేనేజరమ్మాయి పరుగున వచ్చి, ఆమె చేతిలోని గ్లాసు తీసి చిట్టికి అందించింది. "ఆలస్యమైందండీ, ఏమనుకోకండి" అంటూ ఒక చీటీ కూడా ఇచ్చింది. గడియారం ఎర్రబడేదాకా ఎవరినైనా ఆపితే ఆ చీటీ ఇవ్వాలని నియమం. దాంతో ఇంకో పెద్ద గ్లాసు ఊరికే వస్తుంది.

బళ్ళు పల్చబడ్డాక పెద్దమ్మ మేనేజరమ్మాయి దగ్గరికి వెళ్ళింది. "ఆవిడ మా చెల్లెలమ్మా. ఆవిడకి ఇవ్వకూడదని యంత్రంలో రాసే వీలేమైనా ఉందా?"

ఆ పిల్ల తెరమీది మీటలన్నీ వెతికి చూసింది. "ఇమ్మని చెప్పడానికి ఇందులో బోలెడు మీటలున్నాయి పెద్దమ్మా. వద్దని చెప్పడానికి ఒక్కటీ లేదు. పైవాళ్ళకి రాద్దామంటే, ఆ పైవాళ్ళెవరో నాకే తెలీదు." చీటీల కట్ట సర్దుతూ, "మా నాన్నకీ షుగరే" అంది.

ఆ తరవాత చిట్టి ఆ కిటికీ దగ్గరికి రాలేదు. బుద్ధొచ్చింది కాబోలనుకుని పెద్దమ్మ నాలుగు రోజులు కంటినిండా నిద్రపోయింది. అయిదోనాడు చెత్తబుట్టలో, కుట్టగా మిగిలిన గుడ్డముక్కల కింద, పెద్ద గ్లాసులు మూడు కనపడ్డాయి. మూతల మీద వేరే కంపెనీ బొమ్మ. ఆ రోడ్డు పొడుగునా అలాంటి కిటికీలు ఇంకో మూడున్నాయి.

తిడదామని చీపురు పట్టుకునే వెళ్ళింది. చిట్టి మిషను మీద వంగి, కాళ్ళమీద దుప్పటి కప్పుకుని కుడుతోంది. మెడ వెనక ఎముక పైకి కనపడుతోంది. అమ్మ మెడ కూడా చివర్లో అలాగే అయింది.

"చిట్టీ, ఎలాగూ తాగుతావు. నా కిటికీ దగ్గరికే రా."

"అందరిముందూ తిడతావు."

"తిట్టను."

"ఒట్టు?"

"ఒట్టే. ఎక్కడెక్కడో తిరక్కు. నాకు కనపడుతూ ఉండు, చాలు."

మర్నాడు మధ్యాహ్నం చిట్టి వచ్చింది. పెద్దమ్మ గ్లాసుని అంచుదాకా ఐసుతో నింపి, సందుల్లో పట్టినంత పోసింది. ఐసు ఎక్కువ వేస్తే ఆ దుకాణంలో ఎవరూ ఏమీ అనరు, పైగా మెచ్చుకుంటారు.

చిట్టి గ్లాసు ఊపి చూసింది. "అంతా ఐసే కదే దొంగమొహమా."

"మా కంపెనీ కొలత అంతే."

"కానీలే. ఆసుపత్రిలో నా వంతు వచ్చేలోపు కరుగుతుంది. ఇంకో రెండు గుక్కలు ఎక్కువే వస్తాయి."

"ఆసుపత్రికా? ఇవాళ కట్టు మార్చే రోజు కాదుగా."

చిట్టి స్కూటరు కదిలించింది. పెద్దమ్మ నడుందాకా కిటికీలోంచి బయటికి వంగింది. ఇంట్లో దుప్పటి కింద దాచిన కాలు అప్పుడు కనపడింది. వేలి దగ్గరుండాల్సిన కట్టు చీలమండ దాటి పైకి పాకింది. చెవిలో ఎవరో రెండు బర్గర్లు అడుగుతున్నారు. స్కూటరు రోడ్డెక్కి బళ్ళలో కలిసిపోయేదాకా ఆమె అలాగే వంగి చూస్తూ ఉండిపోయింది.