ప్రార్థనకు ముందు ఆపిన స్విచ్చి

కంప్యూటర్లు బాగుచేసేవాళ్లకు కోపం ఉండకూడదంటారు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా బస్సులో నిలబడి వస్తే తెలుస్తుంది.

ప్రభుదాస్‌ను నేను పెద్దనాయన అంటాను. ఆయన ఇక్కడి చర్చిలో పాటలు కట్టి పాడేవాడు. గొంతు ఆపరేషనయ్యాక మాట కూడా పోయింది. ఆయన గొంతు మిగిలింది పాత ల్యాప్‌టాప్‌లోని రికార్డుల్లోనే. దాంట్లో విండోస్ మొరాయించింది, బ్యాటరీ పేరుకే ఉంది. పాటలు గోడ కరెంటుతో నడిచే బయటి డిస్కులోకి తీసి, విండోస్ బదులు లినక్స్ ఎక్కించాలి. ఇంతే పని.

పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి, ఖాళీ ఫోల్డరొకటి చేశాను. డిస్కును ఆ ఫోల్డరుకు తగిలించడాన్నే మౌంట్ అంటాం. తగిలితే అందులో వేసినవన్నీ డిస్కులోకి పోతాయి. పెద్దనాయన మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. ఎంటర్ నొక్కబోతుంటే ఆయన భార్య యేసమ్మ వెనక నుంచి అంది.

"ప్రార్థన చేస్తా, కళ్లు మూసుకో పాపా."

మా నాన్న గురురాజారావు పురోహితుడు. ఎవరింటి దేవుడికి వాళ్లింట్లో మర్యాద ఇవ్వాలంటాడు. ఎంటర్ నొక్కి కళ్లు మూసుకున్నాను. ఆమెన్ అన్నాక, తెర మీద ఏమొచ్చిందో చూడకుండా పాటలు కాపీ చేశాను. అన్నీ ఫోల్డరులో కనబడ్డాయి. ల్యాప్‌టాప్‌లో పాతదంతా తుడిచి లినక్స్ ఎక్కించాను. ఇక రీస్టార్ట్ చేయడమే మిగిలింది.

"అయిపోయింది పెద్దమ్మా."

"ఉండు పాపా. అడిగేటప్పుడు చేసి, ఇచ్చినాక చెయ్యకుంటే ఎట్ల?"

ఈసారి ఒక కన్ను తెరిచే ఉంచాను. యేసమ్మ గోడ దగ్గరికి పోయి, సద్దు లేకుండా ఉండాలని స్విచ్చులన్నీ ఆపింది. ఫ్యాను ఆగింది. డిస్కు లైటు ఆరిపోయింది.

ఇందాక నన్ను కళ్లు మూసుకోమనే ముందే ఇట్లా ఆపి, ఆమెన్ అన్నాక మళ్లీ వేసి ఉంటుంది. నేను ఎంటర్ నొక్కినప్పుడు డిస్కుకు కరెంటే లేదు. మరి పాటలు పోయింది డిస్కులోకి కాదు, మిషను ఆగితే చెరిగిపోయే తాత్కాలిక మెమరీలోకి. అసలువి నా చేత్తోనే తుడిచేశాను. ల్యాప్‌టాప్ చార్జరూ ఆ స్విచ్చుల బోర్డుకే ఉంది. అడిగే ప్రార్థన చిన్నది కాబట్టి బ్యాటరీ ఓర్చుకుంది. ఇది కృతజ్ఞత ప్రార్థన, ఊరందరి పేర్లూ వస్తున్నాయి. తెర మీద బ్యాటరీ గుర్తు ఎర్రబడింది.

"పెద్దమ్మా, స్విచ్చెయ్యి!" అని ప్రార్థన మధ్యలో అరిచాను.

యేసమ్మ కళ్లు తెరిచి కొయ్యబారిపోయింది. "ప్రార్థనలో అరుస్తావేంది పాపా?"

"పెద్దనాయన గొంతు పోతాంది."

ప్రభుదాసే లేచి స్విచ్చులు వేశాడు. డిస్కును ఇంకో ఫోల్డరుకు మౌంట్ చేసి, పాటలు అందులోకి మళ్లీ కాపీ చేశాను. ఈసారి తెర మీది ప్రతి అక్షరం చదివాను. పాటలు డిస్కులోకి చేరాయి. నమ్మకం కుదరక ఒకటి పెట్టి చూశాను.

ముందు పాట రాలేదు. ప్రభుదాస్ గొంతు ఖంగుమంది. "యేసమ్మా, ఫ్యాను ఆపు. సద్దు పడతాంది. అన్నీ ఆపు."

ముసలాయన నా వైపు కాదు, ఆమె వైపు చూశాడు. యేసమ్మ అప్పటికే లేచి గోడ దగ్గరికి పోయింది. స్విచ్చి మీద వేలు పెట్టి నిలబడింది.

ఆపితే డిస్కుతో పాటు ఆ గొంతూ ఆగుతుంది. అయినా ఆపొద్దని నేను అనలేకపోయాను.